ఒక్కో కన్నూ మూసి చూడండి

పిల్లికూనకు ఒక గీత చూపిస్తూ, అదే క్షణంలో దాని మెదడులోని చూపు కణాన్ని సన్నని విద్యుత్తుతో ఉత్తేజపరిస్తే, కొన్ని కణాలు ఆ తర్వాత కూడా ఆ గీతకే మొగ్గు చూపుతాయని 1988లో నాడీశాస్త్రవేత్త ఈవ్ ఫ్రెన్యాక్ బృందం నిరూపించింది. లేత మెదడులో ఈ మార్పు మరింత బలం. పసితనంలో ఒక కన్ను మూసేస్తే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుందని అంతకుముందే తేల్చిన శాస్త్రవేత్తలు హ్యూబెల్, వీసెల్‌లకు 1981లో నోబెల్ వచ్చింది.

మెల్లకన్ను, పుట్టుశుక్లం ఉన్న మన పిల్లలకున్న ముప్పూ ఇదే. జనగామ, మహబూబాబాద్ తండాల్లో, భూపాలపల్లి అటవీ గ్రామాల్లో ప్రతి అంగన్‌వాడీలోనూ ఒక్కో కన్నూ మూసి పరీక్షించాలి. ఒక కన్ను మూసినప్పుడే పాప విసుక్కుని చేయి తోసేస్తే, రెండో కంటిని అనుమానించాలి. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని ఆగొద్దు. పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ బాల స్వాస్థ్య బృందాలు ఆ పాపను బడి ఈడుకు ముందే కంటి వైద్యుల దగ్గరికి చేర్చాలి. దారిఖర్చులు ప్రభుత్వమే భరించాలి.