టిప్పు తీసేయించారా?

మేము ఓడ దిగి వచ్చిన మూడో రోజున హ్యూస్టన్‌లో మా అబ్బాయి స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం చేతిలో పడీ పడకముందే ఆడవాళ్ళందరూ నా చుట్టూ మూగారు. సముద్రం ఎలా ఉందండీ అనో, కడుపులో తిప్పిందా అనో ఒక్కరైనా అడుగుతారనుకున్నాను. అబ్బే! మొట్టమొదటి ప్రశ్న, "టిప్పు తీసేయించారా ఆంటీ?"

"లేదమ్మా" అన్నాను.

"అయ్యో! కౌంటర్ దగ్గరికెళ్ళి ఒక్క మాట చెబితే తీసేస్తారు కదా! మీకెవరూ చెప్పలేదా?"

చెప్పారు తల్లీ, చెప్పారు. ఓడ ఎక్కకముందే ముగ్గురు చెప్పారు. తెలిసి తెలిసీ 259 డాలర్లు వదులుకొచ్చిన వెర్రిబాగులదాన్ని చూసినట్టు అందరూ నావంక జాలిగా చూశారు. వ్రతం జరిగిన ఇంట్లో, పదిమందిలో వాదన ఎందుకులెమ్మని నోరు మూసుకున్నాను. కానీ మింగిన మాట అరగదు కదా! అందుకే ఈ కాగితం మీద పెడుతున్నాను.

సంగతి తెలియనివాళ్ళ కోసం మొదట్నుంచీ చెబుతాను. మా పెళ్ళయి నలభై ఏళ్ళు నిండాయని మా అబ్బాయీ కోడలూ మా ఇద్దరికీ కరేబియన్ సముద్రంలో తిరిగే ఓడకి టిక్కెట్లు కొన్నారు. హ్యూస్టన్‌కి దగ్గర్లో గాల్వెస్టన్ అనే రేవులో ఎక్కడం, ఏడు రాత్రుల తర్వాత మళ్ళీ అక్కడే దిగడం. మధ్యలో జమైకా, గ్రాండ్ కేమన్, మెక్సికో వాళ్ళ కొజుమెల్, ఇలా మూడు రేవులు. తక్కిన మూడు రోజులూ నేలన్నది కనపడదు. పోయేటప్పుడు రెండు రోజులు, వచ్చేటప్పుడు ఒక రోజు. వాటిని 'సీ డే' అంటారు. "నీళ్ళు చూడ్డానికి ఇంత డబ్బెందుకురా, బెజవాడలో ప్రకాశం బ్యారేజీ లేదూ?" అన్నారు మావారు. ఆయన బ్యాంకులో ముప్ఫై అయిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. అర్ధరూపాయి తేడా వస్తే రాత్రి అన్నం సయించదు.

రేవులోనే మొదటి దెబ్బ తగిలింది. చీరల మధ్య నేను దాచిన చిన్న రైస్ కుక్కర్‌ని తనిఖీవాళ్ళు పట్టేసుకున్నారు. అలాంటివి ఓడలోకి రానివ్వరట, నిప్పు భయం. చీటీ రాసిచ్చి, దిగేటప్పుడు తీసుకోమన్నారు. మావారి మొహం చూడాలి! నాకు మాత్రం లోలోపల నవ్వొచ్చింది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఎవరో అధికారం ఉన్నవాళ్ళు నా చేతిలోంచి గరిటె లాక్కున్నారు.

మొదటి సీ డే నాడు అలవాటు ప్రకారం నాలుగున్నరకే మెలకువ వచ్చింది. పాలు కాచాలా? అక్కర్లేదు. నిన్న పప్పు నానబోశానా? అక్కర్లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక డెక్కు మీదికెళ్ళి కూర్చున్నాను. చీకట్లో నల్లగా ఉన్న నీళ్ళు తెల్లవారేసరికి సిరా రంగులోకి తిరిగాయి. ఓడ కోసుకుపోతున్న నీళ్ళలోంచి జానెడేసి చేపలు రెక్కలు చాచి ఎగిరి, కొంత దూరం పోయి మళ్ళీ మునిగిపోతున్నాయి. అవతల పసుప్పచ్చని నాచు తెప్పలు తెప్పలుగా తేలిపోతోంది. చూస్తూ కూర్చున్నాను, అంతే.

తొమ్మిదింటికి మావారు వెతుక్కుంటూ వచ్చారు. "ఏమోయ్, ఇక్కడున్నావా! ఏం చేస్తున్నావు?"

"ఏమీ చెయ్యడం లేదండీ" అన్నాను.

ఆ మాట నలభై ఏళ్ళలో నా నోట రాలేదు. ఆ డబ్బుతో హాయిగా కాశీ వెళ్ళొచ్చు కదా అనేవాళ్ళున్నారు. కాశీ కూడా వెళ్ళానండీ. సత్రంలో స్టవ్ వెలిగించి వండింది నేనే.

అంత సుఖపడి గదికి తిరిగొచ్చేసరికి పక్క సర్ది ఉంది. స్నానాలగది తళతళలాడుతోంది. మంచం మీద తువ్వాళ్ళు మడిచి చేసిన ఏనుగు, దాని మీద మావారి కళ్ళజోడు! నవ్వుకుంటూ బయటికి తొంగి చూస్తే వరండాలో తోపుడు బండితో ఒకమ్మాయి. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, ఫిలిప్పీన్స్ దేశం. ఇద్దరు పిల్లలు, వాళ్ళమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అంతంతమాత్రమే కనక ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమైంది. ఎనిమిది నెలల ఒప్పందం మీద వచ్చిందట. ఆమె వంతుకి ఇరవై పైచిలుకు గదులు. "ఆదివారాలు?" అని అడిగాను. నా ప్రశ్న అర్థం కానట్టు చూసి నవ్వింది.

"ఇవాళ సీ డే కదా, మీకూ కాస్త తీరికేనా?" అన్నాను.

"లేదు మేడమ్. సీ డే అయితేనే మాకు పని ఎక్కువ. అందరూ ఓడలోనే ఉంటారు కదా" అంది.

ఆ మాట నా నెత్తిన మొట్టినట్టయింది. మా ఓడలో అయిదు వేల పైన ప్రయాణికులం, రెండు వేలకి అటూ ఇటూ పనివాళ్ళు. మేము ఏమీ చెయ్యకుండా కూర్చోవాలంటే వాళ్ళు ఒక్క పూటైనా కూర్చోకూడదన్నమాట. ఓడ పనివాళ్ళ కోసం 2006లో చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, 2013లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పని గంటలు రోజుకి 14, వారానికి 72 దాటకూడదు. లేదంటే రోజుకి 10 గంటలకు తగ్గకుండా, వారానికి 77 గంటలకు తగ్గకుండా విశ్రాంతి ఇవ్వాలి. పనివాళ్ళని కాపాడే చట్టమే 72 గంటలు అంటే, కాపాడని రోజుల్లో ఎలా ఉండేదో ఊహించుకోండి.

జమైకాలో దిగినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. అక్కడ మేకమాంసం కూరని 'కరీ గోట్' అంటారు, రోటీని రోటీ అనే అంటారు. ఇదెక్కడి చుట్టరికమంటే, 1845 మే 10న మనదేశపు కూలీల మొదటి ఓడ జమైకాలోని ఓల్డ్ హార్బర్ బేలో ఆగింది. బానిసత్వం రద్దయ్యాక చెరకుతోటల్లో పనికి మనుషులు కావలసి, ఒప్పందం రాయించుకుని తీసుకుపోయారు. ఈ సముద్రానికి మనవాళ్ళు మొదట వచ్చింది డెక్కు మీద కాళ్ళు చాపుకోడానికి కాదు. ఆ కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్ళకి మనం ఎంత దూరమో, మా వరండాలోని ఆ అమ్మాయి ఎంత దగ్గరో ఆ పూట నాకు తెలిసొచ్చింది.

ఇక చివరి సీ డే. పొద్దున్నే కౌంటర్ ముందు క్యూ. ఎందుకా అనుకున్నాను. చాలా ఓడల్లో లాగే మా ఓడలోనూ మనిషికి రోజుకి ఇంత అని టిప్పు లెక్కలో రాసేస్తారు. మాకు 18 డాలర్ల 50 సెంట్లు. ఇద్దరికి ఏడు రోజులకి 259. మన రూపాయల్లో ఇరవై రెండు వేల పైమాటే. అది గది సర్దేవాళ్ళకి, వడ్డించేవాళ్ళకి, తెరవెనక పనిచేసేవాళ్ళకి పంచుతారు. వద్దంటే కౌంటర్‌లో తీసేస్తారు. ఆ క్యూ అందుకన్నమాట! మన భాష వినపడి చూస్తే అందులో మావారు.

"ఏమండీ, ఇదేమిటి?" అన్నాను.

"టిక్కెట్టు కొన్నాడు కదా వాడు! మళ్ళీ ఇదొకటా?" అన్నారు.

ఇదీ మొదటి వాదన. నా జవాబు: మనం మెచ్చితే ఇచ్చే బహుమానమని దానికి పేరు పెట్టారు గానీ, అది వాళ్ళ సంపాదనలో భాగం. దాన్ని తీసేయించడం దయ తగ్గించుకోవడం కాదు, కూలి ఎగ్గొట్టడం.

రెండో వాదన వ్రతం ఇంట్లో విన్నాను. "జీతమివ్వాల్సింది కంపెనీ. మేమెందుకివ్వాలి?" ఇది న్యాయమైన మాటే. అమెరికాలో జనాన్ని ఎక్కించుకునే ఓడలు బహామాస్‌లోనో పనామాలోనో పేరు రాయించుకుని ఆ దేశాల జెండాలు కట్టుకుంటాయి. అమెరికా పన్నులూ, జీతాల చట్టాలూ తప్పించుకునే ఉపాయమది. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రయాణికులు ఇళ్ళకి చేరినా, వేలమంది పనివాళ్ళు రేవుల్లో దిగనివ్వక నెలల తరబడి ఆ ఓడల్లోనే ఉండిపోయారు. కాబట్టి కంపెనీ మీద కోపం రావాల్సిందే. వస్తే కంపెనీకి ఉత్తరం రాయండి, ఓడ ఎక్కడం మానండి. కంపెనీ మీద కోపాన్ని పక్కగుడ్డలు మార్చే అమ్మాయి జేబులోంచి తీర్చుకోవడం ఏం పౌరుషం?

మూడో వాదన: "ఆ డబ్బు వాళ్ళ దేశంలో చాలా ఎక్కువ ఆంటీ." అన్నది ఎవరో తెలుసా? కంప్యూటర్ ఉద్యోగానికి సముద్రాలు దాటి వచ్చిన పిల్లాడు. నాయనా, నీ డాలర్లు మీ తెనాలిలో ఎంత ఎక్కువో లెక్కకట్టి మీ కంపెనీవాడు సగం కోస్తే ఊరుకుంటావా?

నాలుగోది: "మాకు చేసినవాళ్ళకి చేతికిస్తాం." ఇవ్వండి, మంచిదే. కానీ అడుగున మీ ఎంగిలి కంచాలు కడిగినవాడు మీకెప్పుడు కనపడ్డాడు, మీరెప్పుడు ఇచ్చారు?

ఇవన్నీ నేను క్యూలో మావారితో చెప్పలేదు. అంత తీరిక లేదు, ఆయన ముందు ఇద్దరే ఉన్నారు. ఒక్క మాటన్నాను. "అలాగే తీసేయించండి. కానీ ఆ అమ్మాయి మన గది దగ్గరే ఉంటుంది. తీసేయించానని మీ నోటితో మీరే ఆమెకి చెప్పి రండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. ఏమీ అనకుండా క్యూలోంచి బయటికి వచ్చేశారు. మొహం మీద చెప్పలేని పని కౌంటర్ చాటున చెయ్యకూడదు. నా వాదనంతా ఇంతే.

గెలిచాను కదా, హాయిగా నిద్రపోవాలి. పట్టలేదు. కళ్ళు మూసుకుంటే మా బెజవాడ వంటింటి గోడా, దాని మీది క్యాలెండరూ కనిపించాయి. పనిమనిషి రాని రోజుకి ఇంటూ మార్కు పెట్టడం నాకు అలవాటు. నెలాఖరున ఆ ఇంటూలు లెక్కపెట్టి జీతంలో కోస్తాను. ఆమె పిల్లాడికి జ్వరమొచ్చినా ఇంటూయే, వాళ్ళ ఊళ్ళో జాతరైనా ఇంటూయే. పండగ వస్తే సెలవు మాట దేవుడెరుగు, చుట్టాలొస్తారు కాస్త తొందరగా రమ్మంటాను. మా ఇంట్లో పండగంటే ఆమెకి సీ డే కాదూ! మావారు క్యూలో నిలబడితే నేను ఎంత ధర్మపన్నాలు వల్లించానో! నాకైతే కౌంటర్ కూడా లేదు, క్యూ కూడా లేదు. పెన్సిల్ ఒక్కటి చాలింది.

చెల్లెళ్ళూ, కోపం తెచ్చుకోకండి. ఈ పెన్సిల్ మీ వంటింట్లోనూ ఉందని నాకు తెలుసు. మనకి ఆదివారం లేదని మనం ఇన్నేళ్ళూ మొత్తుకున్నాం. మొత్తుకోవాల్సిందే. కానీ మనకి ఆదివారం ఇవ్వని ఇంటివాళ్ళకీ, ఆమెకి ఆదివారం ఇవ్వని మనకీ తేడా ఏమిటో కాస్త చెబుతారా?

ఊరు చేరగానే మా పనిమనిషితో చెప్పాను. ఇకనుంచి ఆదివారాలు రావద్దు, జీతం కొయ్యను, ఆ పూట అంట్లు మేమే తోముకుంటామని. 'మేమే' అన్న మాట దగ్గర మావారు పేపర్ అడ్డం పెట్టుకున్నారు. మా అపార్ట్‌మెంట్లో పెద్ద గొడవైంది. "మీరిలా అలవాట్లు చేస్తే మేం బతకాలా వద్దా?" అని మూడో అంతస్తు ఆవిడ నిలదీసింది. బతకండమ్మా. వారానికి ఒక పూట గిన్నెలు కడిగి చచ్చినవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

మొదటి ఆదివారం ఏడింటికి తలుపు చప్పుడైంది. తీస్తే పనిమనిషే!

"రావద్దన్నాను కదే?" అన్నాను.

గడప అవతలే నిలబడి అంది, "సెలవంటే ఇంకో మనిషిని చూసుకున్నారేమోనని బయమేసిందమ్మగారూ. ఊరికే చూసి పోదామని వచ్చాను."

సెలవు ఇచ్చినా నమ్మలేని స్థితికి ఆమెని తెచ్చింది ఎవరు? ఏ ఓడ కంపెనీ కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆమె ఎదురుగానే క్యాలెండర్ మీది ఇంటూలన్నీ రబ్బరు పెట్టి చెరిపాను. వంటగదిలో మావారు గిన్నెలు దడదడలాడిస్తున్నారు. వచ్చే వ్రతంలో ఎవరైనా టిప్పు తీసేయించారా అని అడగనివ్వండి, ఈసారి ఊరుకోను.