పాడుబడుచున్న సిగ్నలు క్యాబిన్లు: మన కర్తవ్యము

పనికిరాని వస్తువుపై మక్కువ చూపుట పిచ్చితనమని లోకులనుచుందురు. పాత యింజన్ల ఛాయాచిత్రములు దీయుచు, మూతపడిన స్టేషన్లను వెదకికొనుచు దిరుగు రైలుప్రియులను జూచి నవ్వువారు మన ప్రాంతమునను లేకపోలేదు. వారి శ్రమ వ్యర్థము కాదనియు, పాడుబడుచున్న సిగ్నలు క్యాబిన్ల విషయమున నది మనమందఱమును బంచుకొనవలసిన శ్రమయనియు మా యభిప్రాయము.

మదరాసు రైల్వేవారి వాయవ్యమార్గము 1865లో కడపకును, 1866లో ముద్దనూరునకును వచ్చి, 1871లో రాయచూరు చేరి బొంబాయి మార్గముతో గలిసెను. ప్రొద్దుటూరును జమ్మలమడుగును ఆ మార్గమునకు దూరముగా నుండుటచే, మన పెద్దలు యెఱ్ఱగుంట్లకో ముద్దనూరునకో పోయి రైలెక్కుచుండిరి. యెఱ్ఱగుంట్ల మొదలు నంద్యాల వఱకు గల 123 కిలోమీటర్ల క్రొత్త మార్గమున ప్రయాణికుల బండి 2016లో నడువసాగెను. పులివెందులకు నేటికిని రైలు లేదు. కావున మన బాలురు ఱంగు దీపముల సిగ్నళ్లనే యెఱుగుదురు గాని లీవరు లాగి రెక్క దించిన కాలము నెఱుగరు.

ఆ కాలపు క్యాబిను మేడవంటిది. పైయంతస్తున నలుదిక్కులు కనబడునట్లు అద్దపు కిటికీలును, వానిముందు వరుసగా ఇనుప లీవర్లును ఉండెడివి. సిగ్నళ్లకు ఎఱుపు, పాయింట్లకు నలుపు, తాళములకు నీలము రంగు పూయుచుండిరి. లీవరు లాగగా తీగె కదలి దూరపు స్తంభముమీది రెక్క వంగును. అనగా బండి రావచ్చునని యర్థము. పట్టాలు సరియైన త్రోవకు అమరనిదే సిగ్నలు లీవరు కదలకుండునట్లు క్రింది యంతస్తులో ఇనుపకడ్డీలు ఒకదానినొకటి బంధించియుండెడివి. పాయింట్లను సిగ్నళ్లను ఇట్లు ముడివెట్టు పద్ధతికి ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ 1856లో పేటెంటు పొందెను. తీగె తెగినచో రెక్క తనంతట తానే బరువుచే లేచి “ఆగుము” అని చూపును. సందేహము కలిగినప్పుడు నిలువుమనుటయే ఆ యంత్రము నేర్పు నీతి. రాత్రులందు స్తంభముపై కిరసనాయిలు దీపము ఆరకుండ జూచుకొనువాడు, బుద్ధిగల కన్యకలవలె, నూనె ముందుగానే సిద్ధము చేసికొనవలసియుండెను.

1902 సెప్టెంబరులో మంగపట్నము స్టేషను చేరువ వఱదకు వంతెన కొట్టుకొనిపోవగా, మెయిలుబండి యేటిలోబడి పెక్కుమంది మరణించిరి. అది సిగ్నలు దోషము కాదు. అయినను బండి నడుపువాడు ముందున్న త్రోవనంతటిని తన కన్నులతో జూడజాలడనియు, త్రోవ క్షేమమని చెప్పు నితరుల జాగరూకతపై వందలమంది ప్రాణములు నిలిచియుండుననియు మన జిల్లాకు దానివలన తెలియవచ్చెను. క్యాబినులోని పేరులేని పనివాడు అట్టి కావలివాడు.

క్రొత్త యంత్రములు వచ్చిన పిదప పాత మేడ యెందుకని కొందఱడుగుదురు. ఎలక్ట్రానిక్ పద్ధతి వేగము గలది. పనివాని దేహశ్రమ దగ్గించినది. దానిని మేము కాదనము. కాని 2023 జూన్ 2వ తేదీన ఒడిశాలోని బహనగా బజారు స్టేషనులో జరిగిన ఘోరమును మఱువరాదు. సిగ్నలు తీగెల కలయికలో మనుష్యులు చేసిన పొరపాటువలన బండి తప్పుత్రోవ బట్టి, 290 మందికి పైగా మృతినొందిరి. యంత్రము మాఱినను కావలివాని బాధ్యత మాఱలేదు. ఆ బాధ్యతను కంటికి గనబడునట్లు చూపునది పాత లీవరు వరుసయే. పిల్లవానికి కంప్యూటరు పెట్టెను జూపినచో నేమియు దెలియదు. లీవరు చేతికిచ్చినచో క్షణములో దెలియును.

ఇతర దేశములవారు ఈ సంగతి గ్రహించిరి. ఇంగ్లండులో 2013లో 26 సిగ్నలు క్యాబిన్లకు చట్టరక్షణ నొసంగిరి. మన దేశమున ఢిల్లీలో 1977లో రైలు మ్యూజియము వెలసెను. అయినను ఊరూర నున్న చిన్న క్యాబిన్ల నెవ్వరును లెక్కింపరు. వాని యద్దములు పగులును; గోడలలో రావిమొక్క మొలచును; లీవర్లు పాత ఇనుము క్రింద అమ్ముడుపోవును. అంతకన్న పెద్ద నష్టమొకటి కలదు. ఆ లీవర్లను లాగిన చేతులు వార్ధక్యముచే వణకుచున్నవి. వారితో వారి విద్యయు పోవును. కట్టడము కూలినను దాని పటము మిగులవచ్చును. మనుష్యుని జ్ఞాపకమునకు పటము లేదు.

రైలుప్రియులకును మేమొకమాట చెప్పవలసియున్నది. ఛాయాచిత్రము మాత్రము చాలదు. పనివాని మాటయు వ్రాసికొనవలెను. అనుమతి లేక పట్టాలమీదికి బోవుట 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము నేరము, ప్రాణాపాయము కూడ. బాలురు ఆ పని యెన్నడును చేయరాదు.

రైల్వే అధికారులు తొలగించు లీవరు వరుసలలో నొక్కదానినైనను ప్రయాణికులు తిరుగు చోట నిలిపి, దాని పని తెలుపు తెలుగు పలక నొకటి పెట్టింపవలెను. తలిదండ్రులు రైల్వేలో పనిచేసి విశ్రమించిన తాతలవద్దకు పిల్లలను బంపవలెను. విద్యార్థులారా, సెలవులలో అట్టి పెద్దయొకరిని సమీపించి, ఆయన రాత్రికాపు ఎట్లు గడపెనో, గాలివానలో దీపమెట్లు కాపాడెనో అడిగి వ్రాసికొని రండు. ఆ వ్రాతలకు ఈ పత్రికలో చోటు కలదు.