జన్యువుల సాక్ష్యం – శిలాజాల సాక్ష్యం

భాషాశాఖకు చెందిన మేము జీవశాస్త్ర విషయం గురించి వ్రాయబూనడం సాహసమని కొందరికి తోచవచ్చు. కాని జీవజాతుల వంశచరిత్రను శాస్త్రజ్ఞులు పరిశోధించే పద్ధతికి, మా శాఖవారికి చిరపరిచితమైన గ్రంథపరిష్కరణ పద్ధతికి దగ్గర పోలిక ఉంది. ఆ పోలికే మాకీ ధైర్యాన్నిచ్చింది.

ప్రాచీన కావ్యాలకు కవి స్వహస్తంతో వ్రాసిన ప్రతులు సాధారణంగా లభించవు. లభించేవి తరతరాల లేఖకులు ఎత్తి వ్రాసిన తాళపత్ర ప్రతులే. ఒక లేఖకుని పొరపాటును అతని ప్రతిని చూచి వ్రాసినవారు కూడ అట్లే దింపుతారు. ఒకే తప్పు ఒకే చోట రెండు ప్రతులలో కనిపిస్తే అవి ఒకే మాతృక నుండి వచ్చినవని పరిష్కర్త ఊహిస్తాడు. జీవకణంలోని డి.ఎన్.ఎ. కూడ అటువంటి వ్రాతప్రతియే. తరం నుండి తరానికి సంక్రమించేటప్పుడు అందులో అక్కడక్కడ అక్షరాలు మారుతాయి. రెండు జాతులు విడిపోయిన పిదప ఎవరి మార్పులు వారివి. భేదాలు పెరిగిన కొద్దీ ఎడబాటు కూడ ప్రాచీనమైనదని అంచనా. 1962లో ఎమిల్ జుకర్‌కాండల్, లైనస్ పౌలింగ్ అనే శాస్త్రజ్ఞులు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆధారం చేసుకొని ఈ భావనను ప్రతిపాదించారు. దానికి మాలిక్యులర్ క్లాక్ అని పేరు వచ్చింది. మనం జన్యు గడియారం అని పిలుచుకోవచ్చు.

ఈ గడియారానికి ఎదురైన తొలి పెద్ద పరీక్షకు మన దేశంతోనే సంబంధం ఉంది. 1932లో శివాలిక్ కొండలలో, నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ వద్ద, జి. ఎడ్వర్డ్ లూయిస్ అనే అమెరికన్ పరిశోధకునికి ఒక దవడ శిలాజం దొరికింది. ఆ ప్రాణికి ఆయన రామాపిథికస్ అని పేరు పెట్టాడు. 1960ల నాటికి పలువురు పండితులు దానిని మానవశాఖకు మూలపురుషునిగా నిర్ణయించారు. కనుక మానవుడు వానరాల నుండి విడిపోయి కనీసం 1 కోటి 40 లక్షల సంవత్సరాలైందన్నారు. పాఠ్యపుస్తకాలు ఆ మాటనే వల్లించాయి.

1967లో విన్సెంట్ సారిచ్, అలన్ విల్సన్ అనే బర్క్‌లీ పరిశోధకులు ఎముకను విడిచి రక్తాన్ని ప్రశ్నించారు. మానవ రక్తంలోని అల్బుమిన్ అనే మాంసకృత్తును కుందేలుకు ఎక్కిస్తే దాని దేహంలో ప్రతిరక్షకాలు పుడతాయి. అవి చింపాంజీ, గొరిల్లా, కోతుల అల్బుమిన్‌లతో ఎంత గట్టిగా ప్రతిచర్య జరుపుతాయో కొలిస్తే బాంధవ్యం తెలుస్తుంది. కోతులు, తోకలేని వానరాలు విడిపోయి 3 కోట్ల సంవత్సరాలైందన్న శిలాజ నిర్ణయాన్ని కొలబద్దగా తీసుకొని వారు లెక్క కట్టారు. మానవునికి, ఆఫ్రికా వానరాలకు ఎడబాటు కలిగి సుమారు 50 లక్షల సంవత్సరాలేనని తేలింది. శిలాజ పండితులు చాలమంది దీనిని త్రోసిపుచ్చారు.

తీర్పు చెప్పింది మరొక శిలాజం. పాకిస్తాన్‌లోని పోట్వార్ పీఠభూమిలో దొరికిన శివాపిథికస్ ముఖభాగాన్ని 1982లో డేవిడ్ పిల్‌బీమ్ ప్రకటించాడు. ఆ ముఖం ఒరాంగుటాన్‌ను పోలి ఉంది. రామాపిథికస్ ఆ కుటుంబానికి చెందినదేనని క్రమంగా అంగీకారం కుదిరింది. రామాపిథికస్ మానవ పూర్వజుడని ఒకప్పుడు వాదించిన వారిలో పిల్‌బీమ్ కూడ ఒకడు. సాక్ష్యం ఎదురైనప్పుడు ఆయన తన వాదాన్ని విడిచిపెట్టాడు. పాండిత్యానికి ఇంతకన్న గొప్ప అలంకారం ఉన్నదా?

అట్లని గడియారం పొరపడదని అనుకోరాదు. ఎలుకల వంటి స్వల్పాయు జీవులలో అది వేగంగా నడుస్తుంది. మానవ, వానర శాఖలలో మందగిస్తుంది. 2001లో ఆఫ్రికాలోని చాద్ దేశంలో దొరికిన కపాలం వయస్సు సుమారు 70 లక్షల సంవత్సరాలు. పలువురు దానిని మానవశాఖలోనే చేర్చుతున్నారు. అదే నిజమైతే 50 లక్షలన్న లెక్క కూడ తక్కువే. గడియారం శిలాజాన్ని దిద్దింది. శిలాజం గడియారాన్ని దిద్దుతున్నది.

మా అభిప్రాయమంతా ఇక్కడే ఉంది. మన తరగతులలో విద్యార్థులు సంఖ్యను కంఠస్థం చేస్తున్నారు. ఆ సంఖ్య ఎట్లా వచ్చిందో అడగడం లేదు. 1970లో 1 కోటి 40 లక్షలని వ్రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వచ్చి ఉంటాయి. అతడు నేర్చినది మాత్రం అసత్యం. పద్ధతి నేర్చినవాడు సంఖ్య మారినా నష్టపోడు. 2023లో జాతీయ పాఠ్యపుస్తకాలలో పదవ తరగతి నుండి పరిణామ పాఠాన్ని తొలగించినప్పుడు ఎందరో శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు ఆవేదన చెందింది ఇందుకే. ఈ విషయం పేరెత్తగానే తమ విశ్వాసానికి భంగమేమోనని సంకోచించే విద్యార్థులు మన కళాశాలలోనూ ఉన్నారు. వారికి మేము చెప్పేది ఒక్కటే. సాక్ష్యాన్ని ఓపికతో విని, పరీక్షించి, న్యాయంగా మాట్లాడడం ఏ ధర్మానికీ విరుద్ధం కాదు. వినకుండా తీర్పు చెప్పడమే దోషం.

కళాశాల సంఘం వారికి మా మనవి స్వల్పం. జంతుశాస్త్ర శాఖ, ఉర్దూ, తెలుగు శాఖలు కలసి ఏడాదికొక చర్చాసభ జరుపుకొనే ఏర్పాటు చేయండి. 1977లో హైదరాబాదులో స్థాపితమైన సి.సి.ఎం.బి. పరిశోధనాలయానికి మన విద్యార్థులను ఒకసారి పంపండి. విద్యార్థులారా, ఇకపై ఏ పుస్తకంలో ఏ కాలనిర్ణయం కనిపించినా ఆ పుటను తిప్పే ముందు ఒక్క ప్రశ్న వేయండి: దీనికి సాక్షి ఎవరు?