వెంటిలేటర్లు వచ్చాయి.. నడిపేదెవరు?

2020 మేలో పీఎం కేర్స్ నిధి నుంచి 50 వేల వెంటిలేటర్లకు రూ.2,000 కోట్లు కేటాయించారు. ఏడాది తిరిగేసరికి, సెకండ్ వేవ్‌లో జనం ఐసీయూ బెడ్ కోసం పరుగులు పెడుతుంటే, కొన్ని రాష్ట్రాల్లో ఆ మెషిన్లు వాడకుండా పడి ఉన్నాయని వార్తలొచ్చాయి. ప్రధాని ఆడిట్‌కు ఆదేశించారు. కొన్నిచోట్ల మెషిన్లలోనే లోపాలు, ఇంకొన్నిచోట్ల నడపడం తెలిసిన సిబ్బంది లేరు. కెరియర్ ఎంచుకునే మీరు గమనించాల్సింది ఇదే: మెషిన్‌ని నెలల్లో కొనొచ్చు. దాన్ని నడిపించే డాక్టర్ తయారవడానికి పదేళ్లు దాటుతుంది.

అంకె మారితే..

ఊపిరితిత్తులు పనిచేయకపోతే రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, లేదా కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. ఎవరికి మాస్క్ చాలు, ఎవరికి గొంతులో ట్యూబ్ వేయాలి, ఎప్పుడు తీయాలి.. క్రిటికల్ కేర్ డాక్టర్ పని ఇదే. 2000లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం చూడండి. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న రోగులకు ఒక్కో శ్వాసలో కిలో బరువుకు 12 మి.లీ. బదులు 6 మి.లీ. గాలి ఇస్తే మరణాలు 39.8 నుంచి 31 శాతానికి తగ్గాయి. మెషిన్ అదే, మారింది సెట్టింగే!

ఎన్నేళ్లు చదవాలి?

ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. నీట్ పీజీతో అనస్థీషియా, జనరల్ మెడిసిన్, పల్మనరీ మెడిసిన్ లాంటి వాటిలో ఎండీ మూడేళ్లు. ఆపై నీట్ ఎస్ఎస్ రాసి డీఎం క్రిటికల్ కేర్ మరో మూడేళ్లు. అంటే ప్రిపరేషన్ గ్యాప్‌లు కాకుండానే పదకొండున్నరేళ్లు. నైట్ డ్యూటీలు, ఇక ఆశ లేదని కుటుంబానికి చెప్పాల్సిన రోజులు కూడా లెక్కలో వేసుకోండి. జీతం ఒక్కటే చూసి దిగితే నిలబడటం కష్టం.

ఎంబీబీఎస్ సీటు రాకపోతే?

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు అనస్థీషియా డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ సూచనతో దాదాపు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా బ్యాగ్ నొక్కుతూ రోగులకు ఊపిరి అందించారు. ఐసీయూకి పునాది పడింది అక్కడే. ఐసీయూ అంటే ఇప్పటికీ టీమ్ పనే. అందులో బైపీసీ వాళ్లకు బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ, బీటెక్ వాళ్లకు బయోమెడికల్ ఇంజినీరింగ్ దారులున్నాయి. అయితే చేరేముందు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: ఈ కాలేజీకి నిజంగా నడుస్తున్న ఐసీయూ ఉందా? రోగుల్ని చూడకుండా వచ్చే సర్టిఫికెట్ కూడా ఆ వాడని వెంటిలేటర్ లాంటిదే.