వేలిముద్ర పోయింది, టోకెన్ వచ్చింది



మన తాతల కాలంలో షావుకారు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. రాత తర్వాత రాసుకునేవాడు. ఎంత అప్పు, ఎంత భూమి, అంతా ఆయన ఇష్టం. వేలు మాత్రం మనది. ఇప్పుడు ఆఫీసుల్లో డిజిటల్ సంతకం నడుస్తోంది. చూడటానికి పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్, దానికో పాస్‌వర్డ్, అంతే. 2000 నాటి ఐటీ చట్టం దీనికి చేతి సంతకంతో సమానమైన గుర్తింపు ఇచ్చింది. మీసేవలో మనం తీసుకునే కుల ధ్రువీకరణ పత్రం మీద ఉండేది కూడా ఈ సంతకమే.

సంతకం బొమ్మను స్కాన్ చేసి అతికిస్తారని చాలామంది అనుకుంటారు. అది కాదు. సాఫ్ట్‌వేర్ ముందు పత్రం మొత్తాన్ని లెక్కగట్టి ఒక చిన్న గుర్తు తీస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో అయితే వంద పేజీల పత్రానికైనా 64 అంకెలు, అక్షరాలే వస్తాయి. పత్రంలో ‘ఎకరం’ తీసి ‘అరెకరం’ అని పెట్టారనుకోండి, ఆ 64 గుర్తు పట్టలేనంతగా మారిపోతాయి. ఆ హ్యాష్ మీద అధికారి తన రహస్య తాళంచెవితో సంతకం చేస్తాడు. దానికి జతగా ఉన్న బహిరంగ తాళంచెవితో ఎవరైనా సరిచూసుకోవచ్చు. 1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు లోకం ముందు పెట్టిన ఆలోచన ఇది.

గొప్ప లెక్కే, కాదనను. కానీ ఆ లెక్క చెప్పేది రెండే మాటలు: ఫలానా తాళంచెవితో సంతకం అయింది, ఆ తర్వాత పత్రం మారలేదు. అందులో రాసింది నిజమా? తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? ఇవి లెక్కకు తెలియవు. ఒక ఆఫీసులో నా కళ్లతో చూశాను. సారు టోకెన్ ఆపరేటర్ సొరుగులో ఉంది, పాస్‌వర్డ్ కీబోర్డు కింద చీటీ మీద ఉంది. తెల్లకాగితానికీ దీనికీ తేడా ఏముంది చెప్పండి?

ఇక గ్రామసభల సంగతి. 2013లో నియమగిరిలో 12 గ్రామసభలు కాదంటే బాక్సైట్ గని ఆగిపోయింది. తీర్మానానికి ఉన్న బలం అది. అందుకే దొంగ తీర్మానాలు పుడతాయి. ఛత్తీస్‌గఢ్ హస్‌దేవ్ అడవిలో తమ పేరుతో చూపించిన తీర్మానాలు నకిలీవని అక్కడి ఊళ్లు ఏళ్లుగా కొట్లాడుతున్నాయి. అటవీ హక్కుల నియమాల ప్రకారం సభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. కాగితం మీద ఆ లెక్క నింపడం ఎంతసేపు?

మనకు టోకెన్ లేదు. హ్యాష్ తీయడానికి ఫోన్ చాలు. సభ ముగిశాక, జనం లేవకముందే, సంతకాలు, వేలిముద్రలతో సహా తీర్మానం పేజీలను ఫొటో తీయండి. దాని హ్యాష్ తీసి, తారీఖు వేసి, పంచాయతీ గోడ మీద రాయండి. ఇది పూర్తి సంతకం కాదు, సగమే. అయినా ‘ఈ ఫొటో మీరు తర్వాత మార్చారు’ అని రేపు ఎవడూ అనలేడు. ఒక్క జాగ్రత్త: వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, హ్యాష్ మారిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. గోడకు సున్నం కొట్టకముందే ఆ రాతను కూడా ఫొటో తీసి పెట్టుకోండి.