ఒకే తాళంచెవితో పది గదులు



గత చలికాలంలో ఒక ఉదయం మా మామూజాన్ ఖాతా నుండి బంధువులందరికీ ఒక సందేశం వచ్చింది. తాను హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో ఉన్నాననీ, తక్షణం పదిహేను వేల రూపాయలు అవసరమనీ, మాట్లాడే స్థితిలో లేనందున ఫోను చేయవద్దనీ దాని సారాంశం. కొందరు సందేహించి ఊరుకున్నారు. ఆయన చెల్లెలు, అంటే మా ఖాలాజాన్ మాత్రం సందేహించలేదు. చేతి ఉంగరం తాకట్టు పెట్టి గంటలోపే డబ్బు పంపివేశారు. ఆ సమయంలో మామూజాన్ గుంటూరులోని తన దుకాణంలో నిక్షేపంగా కూర్చొని ఉన్నారు.

తరువాత విచారిస్తే తెలిసిన సంగతి ఇది. మామూజాన్‌కు ఉన్న ఖాతాలన్నిటికీ ఒకటే పాస్‌వర్డు: కుమార్తె పేరు, దాని పక్కన 786. "ఇన్నింటిని గుర్తుంచుకోవడం నా వల్ల కాదు బేటా! అందుకే ఒకటే పెట్టుకున్నాను" అన్నారాయన. ఎన్నడో ఒకసారి వస్తువు కొని మరచిపోయిన ఒక చిన్న అంగడి సైటు నుండి ఖాతాదారుల వివరాలు బయటికి పొక్కాయి. ఆ జాబితా చేతికి చిక్కినవాడు అదే పాస్‌వర్డుతో ఈమెయిల్ తెరిచాడు. ఈమెయిల్ తెరుచుకుంటే తక్కినవన్నీ తెరుచుకున్నట్లే. ఎందుకంటే "పాస్‌వర్డు మరచిపోయాను" అని నొక్కినప్పుడు కొత్తది పెట్టుకునే లింకు తరచుగా వచ్చేది ఆ ఈమెయిల్‌కే.

మామూజాన్ చేసినది ఆయన ఒక్కరే చేసిన పొరపాటు కాదు. 2009 డిసెంబరులో అమెరికాకు చెందిన రాక్‌యూ అనే సంస్థ నుండి సుమారు 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు దొంగల పాలయ్యాయి. వాటిని పరిశీలించగా దాదాపు 2 లక్షల 90 వేల మంది పెట్టుకున్నది కేవలం 123456. పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఫోను నెంబర్లు కూడా ఇటువంటివే. మన ఇళ్ళలో అభిమానంతో వాడుకునే 786 సంగతీ అంతే. మనకు సులువుగా తోచేది దొంగకూ సులువుగానే తోస్తుంది.

మరి గుర్తుంచుకోవడం ఎలా? నిజానికి అన్నింటినీ గుర్తుంచుకోవలసిన అవసరమే లేదు. ఇంటిలోని ప్రతి గదికీ, పెట్టెకూ వేరువేరు తాళంచెవులు ఉంటాయి. మనం వాటి ఆకారాలను కంఠస్థం చేయము కదా! గుత్తిగా కట్టి, ఆ గుత్తి ఎక్కడ ఉందో మాత్రం గుర్తుంచుకుంటాము. పాస్‌వర్డుల విషయంలోనూ చేయవలసినది ఇదే.

మనసులో ఉంచుకోవలసినవి కొద్దే: ఫోను తాళం, డబ్బు పంపే పిన్, ఈమెయిల్ పాస్‌వర్డు, గుత్తిని తెరిచే పాస్‌వర్డు. తక్కినవన్నీ పాస్‌వర్డు మేనేజర్ అనే యాప్‌కు అప్పగించవచ్చు. అది ప్రతి ఖాతాకూ ఒక కొత్త పాస్‌వర్డును తానే కల్పించి, భద్రపరచి, అవసరమైనప్పుడు తానే నింపుతుంది. నేటి ఫోన్లలో, బ్రౌజర్లలో ఈ సదుపాయం ముందుగానే ఉంటోంది. యాప్ అలవాటు కాని పెద్దలు ఒక నోటు పుస్తకంలో రాసి, బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు. దూరదేశంలో కూర్చున్న దొంగ మన బీరువాను తెరవలేడు. అయితే ఆ పుస్తకం చేతిసంచిలో తిరగకూడదు, దాని ఫొటో ఫోనులో ఉండకూడదు. బ్యాంకు పిన్ దానిలో రాయకూడదు.

మనసులో ఉంచుకొనే ఆ పాస్‌వర్డు పొడవుగా ఉండాలి, ఎవరి ఊహకూ అందకుండా ఉండాలి. దీనికి ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే అమెరికన్ 1995లో ఒక చక్కని పద్ధతి చెప్పాడు. పాచికను ఐదుసార్లు వేసి, వచ్చిన అంకెలను బట్టి 7,776 పదాల పట్టిక నుండి ఒక పదం తీయాలి. అలా ఐదు పదాలు కూర్చాలి. ఎనిమిది చిన్న ఆంగ్లాక్షరాలతో ఏర్పడగల పాస్‌వర్డుల సంఖ్య కంటే ఇలా ఏర్పడగలవాటి సంఖ్య 13 కోట్ల రెట్లకు పైగా ఎక్కువ. మనం తెలుగు నిఘంటువును కళ్ళు మూసుకొని ఐదుచోట్ల తెరిచి, వేలు పడిన పదాలను ఆంగ్లాక్షరాలలో రాసుకోవచ్చు. గొడుగు, మిరియాలు, వంతెన, దూది, పల్లకి - ఇలా పొంతన లేని మాటలు వరుసగా వస్తే పిల్లలు నవ్వుతూ రెండు రోజులలో నేర్చుకుంటారు. నేను రాసినవాటిని మాత్రం వాడకండి, అవి ఇప్పుడు అచ్చులో ఉన్నాయి. సామెతలు, పాటలు, అందరికీ తెలిసిన వాక్యాలు కూడా పనికిరావు.

మూడు నెలలకొకసారి పాస్‌వర్డు మార్చి తీరాలనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఈ సలహాను పక్కనపెట్టింది. గడువు ముంచుకొచ్చినప్పుడు మనుషులు చివరి అంకెను మాత్రమే మారుస్తారు, దానివల్ల ప్రయోజనం లేదు. బయటపడిందని తెలిసినప్పుడు మార్చడమే ముఖ్యం. పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే కోడు కూడా అడిగే రెండంచెల రక్షణను ఈమెయిల్‌కు తప్పక పెట్టుకోండి. ఆ కోడును ఎవరు అడిగినా చెప్పకండి. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు తిరిగి దక్కే అవకాశం సన్నగిల్లుతుంది.

మరొక్క మాట. ఇంటి పెద్ద హఠాత్తుగా కన్నుమూస్తే ఆయన ఫోనులోని ఫొటోలు, బీమా కాగితాలు, ఇచ్చిపుచ్చుకున్న అప్పుల లెక్కలు అన్నీ తాళం వెనుకనే ఉండిపోతాయి. తీర్చవలసిన అప్పు ఒక అమానతు. అది ఎవరికి బాకీ ఉన్నదో కుటుంబానికి తెలియకపోతే తీర్చేదెవరు? అందుచేత గుత్తి పాస్‌వర్డును ఒక కవరులో పెట్టి, అతికించి, భార్యకో భర్తకో, నమ్మకస్తులైన సంతానానికో దాని చోటు చెప్పి ఉంచండి. అయితే మరణించినవారి పాస్‌వర్డుతో బ్యాంకు నుండి డబ్బు తీయకూడదు. అది నామినీ ద్వారా బయటికి వచ్చి, వారసులందరి హక్కు ప్రకారం పంపిణీ కావలసిన సొమ్ము.

ఖాలాజాన్ పంపిన పదిహేను వేలు తిరిగి రాలేదు. ఉంగరాన్ని మామూజాన్ విడిపించి తెచ్చారు. "భాయీజాన్ ఆపదలో ఉన్నారంటే ఫోను చేసి విచారించుకుంటూ కూర్చుంటానా?" అని ఆమె అన్నప్పుడు ఆయన తల వంచుకున్నారు. నాటి నుండి మా కుటుంబంలో ఒక కట్టుబాటు ఏర్పడింది: డబ్బు అడిగిన సందేశం ఎవరిదైనా సరే, వారి గొంతు వినకుండా పైకం పంపకూడదు.

ఈ సంచిక చదవడం ముగించాక అన్నింటినీ ఒకేసారి సరిదిద్దాలని కూర్చోకండి, విసుగు పుడుతుంది. ఈ రోజు మీ ఈమెయిల్ పాస్‌వర్డు ఒక్కటి మార్చండి. రేపు అమ్మీ ఫోను తీసుకొని, ఆమె పక్కన కూర్చొని, ఆమెది మార్పించండి.