పెద్ద గడియారం క్రింద

హౌరా స్టేషనులోని పెద్ద గడియారం 1926 నాటిది. బెంగాలీలు దానిని 'బొడో ఘొడి' అంటారు. కొత్తవారిని ఎక్కడ కలుసుకోవాలన్నా అక్కడ ఒకటే జవాబు: గడియారం క్రింద. 1996 ఎన్నికల వార్తలకై కాల్కా మెయిలులో వెళ్లి దిగిన నన్ను, అంతవరకు టెలిఫోనులో గొంతు మాత్రమే ఎరిగిన బెంగాలీ విలేఖరి ఒకరు అక్కడే కలుసుకున్నారు. ఎవరి మాట ఎంతవరకు నమ్మవచ్చునో వివరించారు. ప్రతిఫలం కోరలేదు. తరువాత జూటుమిల్లులపై లోక్‌సభలో ప్రశ్న వచ్చినప్పుడల్లా సమాధానం ప్రతిని వారికి పంపుతూ వచ్చాను. రాజకీయాలలో మా అభిప్రాయాలు ఏనాడూ కలియలేదు. స్నేహం చెడలేదు.

ఈ ప్రసక్తి ఎందుకంటే, ఇటీవల ఒక యువకుడు లింక్డ్‌ఇన్‌లో నా పరిచయం కోరాడు. సరేనన్నాను. రెండు నిమిషాలలో ఉద్యోగానికి సిఫారసు అడిగాడు. తానేమి వ్రాశాడో, నేనేమి వ్రాస్తానో ప్రస్తావన లేదు. ఉద్యోగాల సమాచారం తరచు దూరపు పరిచయాల ద్వారానే అందుతుందని అమెరికన్ సమాజ శాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చూపించాడు. కాదనను. కాని పరిచయం తలుపు తెరుస్తుంది. లోపల కూర్చోబెట్టేది విశ్వాసం.

అడగడంలో మర్యాద లోపిస్తే నష్టం ఒకరిది. నిందించడంలో లోపిస్తే అది దేశానికి పాకుతుంది. 2019 మే నెలలో, మమతా బెనర్జీపై మార్పిడి చేసిన చిత్రాన్ని ఫేస్‌బుక్‌లో పంచిన బి.జె.పి. యువమోర్చా కార్యకర్త ప్రియాంక శర్మను హౌరా పోలీసులు అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు 14వ తేదీన జామీను ఇచ్చింది. ముందు క్షమాపణ చెప్పాలన్నది. అదే రోజున ఆ షరతును తొలగించింది. ఆ చిత్రం మర్యాద కాదు. ఆ అరెస్టు అంతకంటె కాదు. ఆజ్ఞాపించి చెప్పించిన క్షమాపణలో మర్యాద ఎంత ఉంటుంది?

మర్యాద ముఖపరిచయంలో పుడుతుంది. పాత పార్లమెంటు భవనంలో సెంట్రల్ హాలు ఉండేది. సభలో నిప్పులు చెరిగిన సభ్యులు అక్కడ ఒకే బల్ల వద్ద కాఫీ త్రాగేవారు. సీనియర్ విలేఖరులకూ అక్కడ ప్రవేశం ఉండేది. ఎదురుగా కూర్చొన్న మనిషిని గురించి మరునాడు అబద్ధం వ్రాయడానికి చేయి రాదు. 2023 సెప్టెంబరులో సభలు మారిన కొత్త భవనంలో అటువంటి హాలు లేదు. ఉదయం కలహం సభలో, సాయంకాలం కలహం 'ఎక్స్'లో. నడుమ కాఫీ లేదు.

ఈ కొత్త సాధనాలను నేను తృణీకరించను. నా బెంగాలీ మిత్రునితో నేడు మాట్లాడేది వాట్సాప్‌లోనే. యువ పాత్రికేయులకు చెప్పేది ఇంతే: అడిగే ముందు ఏదైనా ఇవ్వండి. ఇతరుల వార్తను వాడుకొంటే వారి పేరు చెప్పండి. తప్పు కనిపిస్తే ముందు వారికే తెలపండి. ఆ గడియారం క్రింద నిలబడి ముఖాన చెప్పలేని మాటను తెరపై వ్రాయకండి.